పాడ్‌లు ‘ఇనిట్:1/3’ దగ్గరే ఆగిపోతున్నాయి – మైగ్రేషన్‌ను ఇనిట్ కంటైనర్‌లో పెట్టవచ్చా?

బెళ్ళందూరు బాటసారి · బెంగళూరు · శుక్రవారం ఉదయం 9:14

మిత్రులందరికీ నమస్కారం. మాది బెళ్ళందూరులో ఒక చిన్న కంపెనీ. నేనూ మరో ముగ్గురూ కలిసి బిల్లింగ్ సర్వీసును చూసుకుంటాం. నిన్న రాత్రి కొత్త వెర్షన్ విడుదల చేయబోయి రెండున్నర గంటలపాటు ఇరుక్కుపోయాం. చివరికి పాత వెర్షన్‌కే వెనక్కి వెళ్ళి ఇళ్ళకు చేరాం గానీ, అసలు ఏం జరిగిందో నాకింకా బోధపడలేదు.

మా సర్వీసు కుబర్నెటీస్ (కంటైనర్లను చాలా యంత్రాల మీద నడిపే వ్యవస్థ) మీద నడుస్తుంది. మా డిప్లాయ్‌మెంట్‌లో ఆరు రెప్లికాలున్నాయి, అంటే ఒకే రకమైన ఆరు పాడ్‌లు (కలిసి నడిచే కంటైనర్ల గుంపులు). ప్రతి పాడ్‌లోనూ అప్లికేషన్ కంటైనర్ మొదలయ్యే ముందు మూడు ఇనిట్ కంటైనర్లు (సన్నాహపు పని చేసి ముగిసిపోయేవి) వరుసగా నడవాలి. మొదటిది డేటాబేస్ పలికేదాకా రెండేసి సెకన్లకోసారి తట్టి చూస్తుంది. రెండోది లిక్విబేస్ అనే పరికరంతో స్కీమా మైగ్రేషన్ (డేటాబేస్ పట్టికలను కొత్త వెర్షన్‌కు తగ్గట్టు మార్చే పని) నడుపుతుంది. మూడోది సర్టిఫికెట్లను తెచ్చి, అప్లికేషన్ చదువుకునేలా ఎంప్టీడిర్ వాల్యూమ్‌లో (పాడ్ బతికినంతకాలం ఉండే ఫోల్డర్) పెడుతుంది. ఏడాదికి పైగా ఈ ఏర్పాటు ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు.

నిన్న రాత్రి 10:40కి విడుదల మొదలుపెట్టాం. మూడు కొత్త పాడ్‌లు లేచాయి, మూడూ స్టేటస్ గడిలో ‘ఇనిట్:1/3’ అని చూపిస్తూ ఉండిపోయాయి. మధ్యమధ్యలో ‘ఇనిట్:క్రాష్‌లూప్‌బ్యాకాఫ్’ (పదేపదే కూలినందువల్ల కాసేపు ఆగి మళ్ళీ ప్రయత్నించే స్థితి) అని మారి, మళ్ళీ మొదటికి వచ్చేవి. లాగ్స్ అడిగితే ‘పాడ్ ఇనిషియలైజింగ్’ అన్న ఒక్క మాట తప్ప ఏమీ రాలేదు. పాత పాడ్‌లు ఐదు నడుస్తూనే ఉండడం వల్ల వినియోగదారులకు తెలియలేదు, అది మా అదృష్టం. అయితే వెనక్కి వెళ్ళాక, పాత ఇమేజ్‌తోనే లేవాల్సిన ఆరో పాడ్ కూడా ‘ఇనిట్:1/3’ దగ్గరే ఆగిపోయింది, ఈ ఉదయం వరకూ అలాగే ఉంది. పాత కోడ్‌లో ఏ మార్పూ లేనప్పుడు అది ఎందుకు ఆగాలి?

తుంగభద్ర తీరం · బెంగళూరు · శుక్రవారం ఉదయం 9:31

మీ చివరి వాక్యంలోనే సగం జవాబు ఉందని నా అనుమానం. పాత కోడ్, కొత్త కోడ్ రెండూ ఒకే మెట్టు మీద ఆగుతున్నాయంటే, తప్పు కోడ్‌లో కాక, ఆ రెండూ పంచుకునే దేనిలోనో ఉండాలి.

‘1/3’ అంటే మూడింటిలో ఒకటి పూర్తయిందని, అంటే రెండోదైన మైగ్రేషన్ దగ్గర ఆగిందని అర్థం. లాగ్స్ అడిగేటప్పుడు కంటైనర్ పేరు చెప్పకపోతే కుబర్నెటీస్ మీ అప్లికేషన్ కంటైనర్ లాగ్‌నే వెతుకుతుంది, అది ఇంకా పుట్టనే లేదు కాబట్టి మీకు ఆ ఒక్క మాట వచ్చింది. లాగ్స్ ఆదేశానికి మైనస్ సీ (-c) ఇచ్చి మైగ్రేషన్ కంటైనర్ పేరు రాయండి. ఒకసారి చచ్చి మళ్ళీ లేచినదైతే, దానితో పాటు ‘ప్రీవియస్’ కూడా జోడించండి. తరువాత డేటాబేస్‌లోకి వెళ్ళి, ఒకేసారి ఇద్దరు మైగ్రేషన్ నడపకుండా లిక్విబేస్ వాడే లాక్ పట్టికలో ఉన్న ఒకే ఒక్క వరుసను ఇక్కడ పెట్టండి.

బెళ్ళందూరు బాటసారి · శుక్రవారం ఉదయం 10:05

మీరు చెప్పినట్టే చూశాను. ఆరో పాడ్ లాగ్‌లో ‘చేంజ్‌లాగ్ లాక్ కోసం ఎదురుచూస్తున్నాను’ అనే వరుస పది సెకన్లకోసారి వస్తోంది. ఐదు నిమిషాల తరువాత లాక్ దొరకలేదని చెప్పి ఆగిపోతోంది. పట్టికలో ‘లాక్డ్’ గడి ట్రూ అని ఉంది, పట్టుకున్న సమయం రాత్రి 10:42. పట్టుకున్నవారి గడిలో ఉన్నది నిన్నటి మూడు కొత్త పాడ్‌లలో ఒకదాని పేరు. ఆ పాడ్‌ను మేము రాత్రి ఒంటి గంటకే తీసేశాం!

రాత్రి తీసిన స్క్రీన్‌షాట్లలో ఇంకొకటి దొరికింది. అదే పాడ్ వివరాల్లో, మైగ్రేషన్ కంటైనర్ కింద ‘లాస్ట్ స్టేట్: ఊమ్‌కిల్డ్, ఎగ్జిట్ కోడ్ 137’ అని ఉంది. అప్పటి హడావిడిలో ఎవరమూ అది గమనించలేదు.

నల్లమల · బెంగళూరు · శుక్రవారం ఉదయం 10:40

ఇక కథ స్పష్టం. మొదట లేచిన పాడ్‌లోని మైగ్రేషన్ లాక్ పట్టుకుంది, పని మధ్యలో మెమరీ హద్దు దాటింది, కెర్నల్ దాన్ని చంపేసింది. లిక్విబేస్ లాక్ అనేది ఒక పట్టికలో రాసి కమిట్ చేసిన వరుస. కనెక్షన్ తెగినంత మాత్రాన అది చెరిగిపోదు, పట్టుకున్నవాడే వచ్చి చెరపాలి. చంపబడ్డవాడు చెరపలేడు. క్యూబ్‌లెట్ (ప్రతి నోడ్‌లో, అంటే క్లస్టర్‌లోని ప్రతి యంత్రంలో, కంటైనర్లను నడిపేది) అదే కంటైనర్‌ను మళ్ళీ లేపినప్పుడు, అది తాను పెట్టిన తాళం ముందే తాను నిలబడింది. మిగతా రెండు పాడ్‌లూ, తరువాత మీ ఆరో పాడ్ కూడా అదే వరుసలో నిలబడ్డాయి.

ముందుగా, ఏ పాడ్‌లోనూ మైగ్రేషన్ నిజంగా నడవడం లేదని డేటాబేస్ కనెక్షన్ల జాబితా చూసి నిర్ధారించుకోండి. ఆ తరువాతే లిక్విబేస్‌లోని రిలీజ్‌లాక్స్ ఆదేశంతో లాక్ విడిపించండి. ఆ వరుసను చేత్తో మార్చవద్దు.

ఇది ఇప్పుడే చేయండి, మధ్యాహ్నానికి వాయిదా వేయకండి. ఈ క్షణాన మీ ఐదు పాడ్‌లు నడుస్తున్నాయి కదా అని నిశ్చింతగా ఉండడానికి లేదు. ఏ నోడ్ అయినా పడిపోతే దాని మీది పాడ్‌లు మరోచోట కొత్తగా పుట్టాలి, పుట్టిన ప్రతిదీ ఇనిట్ కంటైనర్ల గుండానే వెళ్ళాలి, వెళ్ళి ఆ తాళం దగ్గరే ఆగుతుంది. అంటే ఇప్పుడు మీ సర్వీసు ఉన్నవాటితో బతుకుతోందే తప్ప, పోయినదాన్ని పూడ్చుకోలేదు.

బెళ్ళందూరు బాటసారి · శుక్రవారం ఉదయం 11:22

లాక్ విడిపించాం. బ్యాకాఫ్ వ్యవధి ఎంత మిగిలిందో చూడకుండా ఆరో పాడ్‌ను తీసేస్తే, కొత్తది అర నిమిషంలో లేచి నిలబడింది. మీ ఇద్దరికీ మనఃపూర్వక ధన్యవాదాలు.

మెమరీ ఎందుకు దాటిందో కూడా తెలిసింది. ఈసారి మైగ్రేషన్‌లో పిన్‌కోడ్‌ల పట్టికను ఒక పెద్ద సీఎస్‌వీ ఫైలు నుంచి నింపుతున్నాం. జావా హీప్ (ప్రోగ్రామ్ తన డేటాను ఉంచుకునే మెమరీ) గరిష్ఠాన్ని 512 ఎంబీ అని చేత్తో ఇచ్చి, కంటైనర్ లిమిట్‌ను కూడా సరిగ్గా 512 ఎంబీ పెట్టాం. హీప్ నిండితే, హీప్ కాని జావా అవసరాలకు చోటే మిగలలేదు. ఆ చేంజ్‌సెట్ ఒకే ట్రాన్సాక్షన్‌లో ఉండడం వల్ల మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ దాన్ని పూర్తిగా వెనక్కి తీసుకుంది, సగం నిండిన పట్టిక మిగలలేదు.

మైగ్రేషన్ కంటైనర్‌కు మెమరీ రిక్వెస్ట్ (ముందుగా కేటాయించమని అడిగేది), లిమిట్ (దాటకూడని హద్దు) రెండూ 2 జీబీకి పెంచితే సరిపోతుందా?

ఓఎంఆర్ ఇంజనీర్ · చెన్నై · శుక్రవారం మధ్యాహ్నం 12:10

పెంచే ముందు ఒక లెక్క చూడండి. షెడ్యూలర్ ఒక పాడ్‌కు ఎంత చోటు కేటాయించాలో నిర్ణయించేటప్పుడు, అప్లికేషన్ కంటైనర్ల రిక్వెస్టులన్నీ కూడిన మొత్తాన్నీ, ఇనిట్ కంటైనర్లలో అన్నిటికంటే పెద్ద రిక్వెస్టునూ పక్కపక్కన పెట్టి, ఏది ఎక్కువైతే దాన్ని తీసుకుంటుంది. ఇనిట్ కంటైనర్లు ఒకదాని తరువాత ఒకటి నడుస్తాయి కాబట్టి వాటిని కూడదు, గరిష్ఠాన్ని మాత్రమే చూస్తుంది. ఇది న్యాయమైన లెక్కే. చిక్కు ఏమిటంటే, ఇనిట్ పని ముగిసిపోయినా ఆ కేటాయింపు తగ్గదు, పాడ్ బతికినంతకాలం అలాగే ఉంటుంది.

మీ అప్లికేషన్‌కు 600 ఎంబీ, పక్కనున్న లాగ్ కంటైనర్‌కు 100 ఎంబీ అనుకుందాం. ఆరు పాడ్‌లకు 4,200 ఎంబీ చాలు. మైగ్రేషన్‌కు 2 జీబీ రిక్వెస్ట్ ఇచ్చిన మరుక్షణం అవే ఆరు పాడ్‌లు 12 జీబీ పట్టుకుని కూర్చుంటాయి. ఏడాదికి ఒకసారి పిన్‌కోడ్‌లు నింపడం కోసం రోజూ ఇంత చోటు ఖాళీగా కాపలా కాయడం మీకు సమ్మతమేనా?

నల్లమల · శుక్రవారం మధ్యాహ్నం 12:48

మెమరీ చర్చ సరైనదే గానీ, మూల ప్రశ్న ఇంకొకటి ఉందని నా అభిప్రాయం. మైగ్రేషన్ అనేది పాడ్ పనా, విడుదల పనా?

తెల్లారితే ఎవరి వాకిలి వారు ఊడ్చుకుంటారు. ఊరి చెరువు పూడిక తీయడం మాత్రం ఊరంతా కలిసి ఒకసారి పూనుకుని చేసే పని. ప్రతి ఇంటివారూ పొద్దున్నే పార పట్టుకుని చెరువు దగ్గరకు వెళ్ళి, ఎవరో ఒకరు దిగేదాకా మిగతావారంతా గట్టున నిలబడి, అప్పటిదాకా ఎవరి పొయ్యీ వెలిగించకూడదని నియమం పెట్టుకుంటే ఎలా ఉంటుందో, మీ రెండో ఇనిట్ కంటైనర్ అలా ఉంది. సర్టిఫికెట్లు తెచ్చిపెట్టే మూడోది వాకిలి ఊడ్చే పని. అది పాడ్‌కు సొంతం, ఎన్నిసార్లు చేసినా హాని లేదు, పాడ్‌తో పాటే పోతుంది. ఇనిట్ కంటైనర్ కోసమే పుట్టిన పని అదీ.

కాబట్టి మైగ్రేషన్‌ను అక్కడి నుంచి తీసి, విడుదలకు ఒక్కసారి నడిచే జాబ్‌గా మార్చండి. జాబ్‌కు 2 జీబీ ఇచ్చినా అది ముగియగానే ఆ చోటు విడుదలవుతుంది. విఫలమైతే డిప్లాయ్‌మెంట్ మొదలే కాదు, పాత పాడ్‌లు ఆరూ ఆరోగ్యంగా ఉంటాయి. అర్ధరాత్రి నోడ్ పడిపోయి కొత్త పాడ్ లేచినప్పుడు, దానికి మైగ్రేషన్‌తో పనే ఉండదు.

కృష్ణా కాలువ · బెంగళూరు · శుక్రవారం మధ్యాహ్నం 2:15

నల్లమల గారి వాదనను గౌరవిస్తూనే కొంత విభేదిస్తున్నాను. మేము ముగ్గురం ఉన్న బృందం. మైగ్రేషన్‌ను ఇనిట్ కంటైనర్‌లోనే పెట్టి చాలాకాలంగా నడుపుతున్నాం. మేము వాడే మైగ్రేషన్ పరికరం ఫ్లైవే. పోస్ట్‌గ్రెస్ మీద అది అడ్వైజరీ లాక్ వాడుతుంది. ఆ లాక్ డేటాబేస్ సెషన్‌కు అంటిపెట్టుకుని ఉంటుంది. కంటైనర్ చచ్చిందంటే కనెక్షన్ తెగుతుంది, కనెక్షన్ తెగితే లాక్ దానంతట అదే ఊడిపోతుంది. బాటసారి గారికి వచ్చిన కష్టం మాకు ఆ రూపంలో రాదు. పైగా అన్నీ ఒకే మ్యానిఫెస్ట్‌లో (నిర్వచన ఫైలులో) ఉంటే కొత్తగా చేరినవారికి అర్థం చేసుకోవడం సులువు. జాబ్ విడిగా పెడితే, దాన్ని ఎవరు ఎప్పుడు నడపాలి, ముగిసేదాకా డిప్లాయ్‌మెంట్‌ను ఎవరు ఆపాలి అనే కొత్త ప్రశ్నలు పుడతాయి.

ఒక్క హెచ్చరిక చేయాలి. మధ్యలో పీజీబౌన్సర్ (డేటాబేస్ కనెక్షన్లను పలువురికి పంచే మధ్యవర్తి) ట్రాన్సాక్షన్ పూలింగ్‌లో ఉంటే, సెషన్ లాక్‌ల మీద నమ్మకం పెట్టుకోకూడదు. ఒకరి సెషన్‌లో పట్టిన లాక్ మరొకరి చేతికి పోయే కనెక్షన్‌లో మిగిలిపోవచ్చు. మైగ్రేషన్‌ను మాత్రం డేటాబేస్‌కు నేరుగా కలపాలి.

నల్లమల · శుక్రవారం మధ్యాహ్నం 2:50

సెషన్ లాక్ తాళం సమస్యను తీరుస్తుందని ఒప్పుకుంటున్నాను, అది మంచి సవరణ. అయితే మైగ్రేషన్ స్వయంగా తప్పుగా రాసినదైతే? అప్పుడు లాక్ ఎంత చక్కగా విడిపోయినా, ఒక పాడ్ తరువాత ఒక పాడ్ వచ్చి అదే తప్పును నడిపి పడిపోతుంది. అలాగే, అప్లికేషన్‌కు పట్టికలను మార్చే హక్కు ఉండనక్కర్లేదు. మైగ్రేషన్ పాడ్‌లోనే ఉంటే ఆ హక్కులున్న పాస్‌వర్డ్ ఆరు పాడ్‌ల నిర్వచనాల్లోనూ ఉండి తీరాలి. జాబ్‌కు మాత్రమే ఇస్తే అది ఒక్కచోటే, కొద్ది నిమిషాలే ఉంటుంది.

ఓఎంఆర్ ఇంజనీర్ · శుక్రవారం మధ్యాహ్నం 3:30

జాబ్ వైపు వెళ్ళేవారికి, చెన్నైలో మేము తిన్న ఒక దెబ్బ గురించి చెప్పాలి. హెల్మ్‌లో (కుబర్నెటీస్ విడుదలలను నడిపే పరికరం) ప్రీ-అప్‌గ్రేడ్ హుక్‌గా జాబ్‌ను పెట్టాం. హుక్ అన్నది మిగతా వనరులన్నిటికంటే ముందే నడుస్తుంది. అంటే అదే విడుదలలో మారిన కాన్ఫిగ్‌మ్యాప్ (అమరికలు ఉండేది), సీక్రెట్ (పాస్‌వర్డ్‌ల వంటివి ఉండేది) ఇంకా క్లస్టర్‌లోకి రాలేదు. మా జాబ్ పాత కాన్ఫిగ్‌మ్యాప్‌లోని డేటాబేస్ చిరునామా చదివి, మేము ఖాళీ చేసి వచ్చిన పాత డేటాబేస్ మీద శ్రద్ధగా మైగ్రేషన్ నడిపి, విజయవంతం అని చెప్పింది. కొత్త పాడ్‌లు కొత్త డేటాబేస్‌కు వెళ్ళి, లేని నిలువు వరుస కోసం వెతికి కూలిపోయాయి. జాబ్‌కు కావలసిన కాన్ఫిగ్‌మ్యాప్‌ను కూడా హుక్‌గానే గుర్తించి, తక్కువ వెయిట్ ఇచ్చి జాబ్ కంటే ముందు వచ్చేలా చేశాకే అది కుదిరింది.

ఇంకొకటి. జాబ్ ముగిసిన తరువాత కూడా రోలింగ్ అప్‌డేట్ (పాత పాడ్‌లను కొన్ని కొన్నిగా కొత్తవాటితో మార్చడం) జరిగేంతసేపూ పాత పాడ్‌లు కొత్త స్కీమా మీదే నడవాలి. అందుకని నిలువు వరుసను తీసేసే మైగ్రేషన్‌ను, దాన్ని వాడడం మానేసిన కోడ్‌తో పాటు పంపకుండా, ఆ తరువాతి విడుదలకు ఉంచుకోవాలి. మైగ్రేషన్‌ను ఇనిట్‌లో పెట్టినా జాబ్‌లో పెట్టినా ఈ నియమం తప్పదు.

కొత్త కొలువు · బెంగళూరు · శుక్రవారం సాయంత్రం 5:05

నేను ఈ రంగానికి కొత్త. సర్టిఫికెట్లు తేవడం లాంటి చిన్న పనులను అప్లికేషన్ ఇమేజ్‌లోనే ఎంట్రీపాయింట్ స్క్రిప్ట్‌లో (కంటైనర్ మొదలవగానే నడిచేది) రాసుకుంటే సరిపోదా? ఇనిట్ కంటైనర్ అనే వేరే వస్తువు ఎందుకు అవసరమైంది?

తుంగభద్ర తీరం · శుక్రవారం సాయంత్రం 5:40

అడగవలసిన ప్రశ్నే. 2016లో 1.3 వెర్షన్‌తో ఇనిట్ కంటైనర్లు ప్రయోగదశలో వచ్చేంతవరకూ చాలామంది అలాగే చేసేవారు. అందులో మూడు ఇబ్బందులున్నాయి. ఒకటి, సర్టిఫికెట్ తేవడానికి కావలసిన కర్ల్, గిట్ వంటి పరికరాలన్నీ అప్లికేషన్ ఇమేజ్‌లో శాశ్వతంగా మోయాలి. అవి దాడి చేసేవాడికి కూడా పరికరాలే. రెండు, ఆ పనికి కావలసిన రహస్య టోకెన్ అప్లికేషన్‌కూ కనిపిస్తుంది. ఇనిట్ కంటైనర్‌కు ఒక సీక్రెట్‌ను మౌంట్ చేసి, అప్లికేషన్ కంటైనర్‌కు చేయకుండా ఉండవచ్చు.

మూడోది తరచూ కనిపించే పొరపాటు. స్క్రిప్ట్ చివర అప్లికేషన్‌ను ఎగ్జెక్ (షెల్ స్థానంలోకే ప్రోగ్రామ్‌ను తెచ్చే ఆదేశం) లేకుండా పిలిస్తే, ఒకటో నంబరు ప్రాసెస్‌గా షెల్ మిగిలిపోతుంది. పాడ్‌ను ఆపేటప్పుడు వచ్చే సిగ్‌టర్మ్ (ముగించమనే సంకేతం) షెల్‌కు చేరి అక్కడే ఆగిపోతుంది, అప్లికేషన్‌కు తెలియదు. డిఫాల్ట్ గడువైన 30 సెకన్లూ గడిచాక సిగ్‌కిల్ (బలవంతంగా చంపే సంకేతం) వచ్చి, చేతిలో ఉన్న అభ్యర్థనలతో సహా దాన్ని కూల్చేస్తుంది. మీ పాడ్‌లు ఆగడానికి ప్రతిసారీ సరిగ్గా అర నిమిషం తీసుకుంటున్నాయంటే ముందుగా చూడవలసినది ఆ చివరి వరుసనే.

ఇక బాటసారి గారి మొదటి ఇనిట్ కంటైనర్ గురించి ఎవరూ మాట్లాడలేదు. డేటాబేస్ కోసం ఎదురుచూడడం హానిచేయని పనిలా కనిపిస్తుంది. అయితే అంతులేని లూప్‌గా రాసినప్పుడు అది ఎన్నడూ విఫలం కాదు. విఫలం కానిదాన్ని కుబర్నెటీస్ ఆరోగ్యంగానే భావిస్తుంది, రీస్టార్ట్ సంఖ్య పెరగదు, అలారం మోగదు. ఇనిట్ కంటైనర్లకు లైవ్‌నెస్ ప్రోబ్ (బతికే ఉందా అని తరచూ చూసే పరీక్ష) కూడా ఉండదు. డిప్లాయ్‌మెంట్ 600 సెకన్ల తరువాత పురోగతి లేదని ఒక గుర్తు మాత్రం పెడుతుంది, వెనక్కి వెళ్ళదు. కనుక ఎదురుచూపుకు రెండు నిమిషాల హద్దు పెట్టి, దాటితే తప్పుతో బయటకు రానివ్వండి. అప్పుడు 10, 20, 40 సెకన్లుగా పెరుగుతూ ఐదు నిమిషాల దగ్గర ఆగే బ్యాకాఫ్‌తో క్యూబ్‌లెట్ మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది, మీకూ కనిపిస్తుంది.

నన్నడిగితే దాన్ని పూర్తిగా తీసేయమంటాను. పాడ్ లేచిన పది నిమిషాలకు డేటాబేస్ పడిపోతే ఈ కంటైనర్ ఏమీ చేయలేదు. అలకగానే పండగ కాదు కదా. తెగిన కనెక్షన్‌ను మళ్ళీ కలుపుకోవడం అప్లికేషన్‌కే తెలిసి ఉండాలి. అది తెలిసిన అప్లికేషన్‌కు ఈ కాపలా అక్కర్లేదు.

ఓఎంఆర్ ఇంజనీర్ · శుక్రవారం సాయంత్రం 6:20

సర్వీస్ మెష్ (సర్వీసుల మధ్య రాకపోకలను ప్రాక్సీల గుండా నడిపే పొర) వాడేవారి కోసం ఒక మాట. అలాంటి మెష్ అయిన ఇస్టియోలో, మునుపటి మామూలు పద్ధతిలో, ఒక ఇనిట్ కంటైనర్ వచ్చి పాడ్‌లోని నెట్‌వర్క్ దారులన్నిటినీ ప్రాక్సీ వైపు మళ్ళిస్తుంది. ఆ ప్రాక్సీ అప్లికేషన్ కంటైనర్లతో పాటే మొదలవుతుంది. ఈ రెంటికీ మధ్య నడిచే మీ సొంత ఇనిట్ కంటైనర్‌కు దారి మళ్ళింది గానీ, దారి చివర ఎవరూ లేరు. డేటాబేస్ బాగానే ఉన్నా ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అంటుంది.

దీనికి సరైన మందు 1.28 వెర్షన్‌తో 2023 ఆగస్టులో వచ్చింది. ఇనిట్ కంటైనర్ల జాబితాలోనే ఒకదానికి రీస్టార్ట్ పాలసీ ‘ఆల్వేస్’ అని రాస్తే అది సైడ్‌కార్ (అప్లికేషన్ పక్కనే నడుస్తూ ఉండే సహాయక కంటైనర్) అవుతుంది. దాని పని ముగిసేదాకా కాకుండా, అది మొదలయ్యేదాకా, స్టార్టప్ ప్రోబ్ ఇస్తే అది నెగ్గేదాకా మాత్రమే క్యూబ్‌లెట్ ఆగి, తరువాతి ఇనిట్ కంటైనర్‌ను మొదలుపెడుతుంది. 1.29 నుంచి డిఫాల్ట్‌గా అందుబాటులో ఉంది, 2025 ఏప్రిల్‌లో 1.33తో స్థిరపడింది. దీనివల్ల జాబ్‌లకూ మేలు జరిగింది. మునుపు అసలు పని ముగిసినా ప్రాక్సీ నడుస్తూ ఉండడం వల్ల జాబ్ ఎప్పటికీ పూర్తయ్యేది కాదు. ఇప్పుడు సైడ్‌కార్‌ను లెక్కలోకి తీసుకోకుండా ముగిస్తుంది.

బెళ్ళందూరు బాటసారి · మంగళవారం రాత్రి 9:48

మిత్రులారా, చేసిన మార్పులు చెబుతాను. మైగ్రేషన్‌ను హెల్మ్ హుక్ జాబ్‌గా వేరు చేశాం, ఓఎంఆర్ ఇంజనీర్ గారి హెచ్చరికను బట్టి దాని కాన్ఫిగ్‌మ్యాప్‌నూ హుక్‌గా మార్చాం. జాబ్‌కు లిమిట్ 2 జీబీ, హీప్ అందులో సగం. డేటాబేస్ కోసం కాచుకునే కంటైనర్‌ను తీసేశాం, దానికి ముందు రెండు రోజులపాటు టెస్ట్ క్లస్టర్‌లో డేటాబేస్‌ను పదేపదే ఆపి, అప్లికేషన్ తానుగా కోలుకుంటోందని చూసుకున్నాం. మిగిలింది సర్టిఫికెట్ల కంటైనర్ ఒక్కటే. దానికి టెర్మినేషన్ మెసేజ్ పాలసీని ‘ఫాల్‌బ్యాక్ టు లాగ్స్ ఆన్ ఎర్రర్’గా పెట్టాం. ఇకపై అది విఫలమైతే లాగ్ చివరి వరుసలు పాడ్ వివరాల్లోనే కనిపిస్తాయి, ఆ రాత్రిలా గుడ్డిగా వెతకనక్కర్లేదు.

ఈ సాయంత్రం విడుదల చేశాం. జాబ్ మూడు నిమిషాల్లో ముగిసింది, పాడ్‌లు ‘ఇనిట్:0/1’ దాటడానికి నాలుగేసి సెకన్లు పట్టింది.

ఒక్క సందేహం మిగిలింది. అప్లికేషన్ కంటైనర్ కూలి మళ్ళీ లేచినప్పుడు సర్టిఫికెట్ల కంటైనర్ కూడా మళ్ళీ నడుస్తుందా? గడువు ముగిసిన సర్టిఫికెట్‌ను అలా మార్చుకోవచ్చునా అని అడుగుతున్నాను.

తుంగభద్ర తీరం · మంగళవారం రాత్రి 10:10

నడవదు. అప్లికేషన్ కంటైనర్ ఒక్కటే మళ్ళీ లేచినప్పుడు పాడ్ అదే, ఎంప్టీడిర్ అదే, అందులోని పాత సర్టిఫికెట్ కూడా అదే. పాడ్ కొత్తగా పుట్టినప్పుడో, నోడ్ రీబూట్ వంటి కారణంతో పాడ్ శాండ్‌బాక్స్ (పాడ్‌లోని కంటైనర్లన్నీ పంచుకునే పునాది) మళ్ళీ తయారైనప్పుడో మాత్రమే ఇనిట్ కంటైనర్లు మళ్ళీ నడుస్తాయి. ఆ రెండో సందర్భంలో ఎంప్టీడిర్‌లో పాత ఫైళ్ళు ఉండగానే నడుస్తాయి కాబట్టి, మీ స్క్రిప్ట్ ‘ఫైలు ఇప్పటికే ఉంది’ అని తప్పుతో ఆగిపోకుండా, ఉన్నదాని మీదే రాసేలా చూడండి. గడువుకు ముందు సర్టిఫికెట్ మార్చుకోవాలంటే ఆ పనిని సైడ్‌కార్‌గా మార్చి, ఫైలు మారినప్పుడు అప్లికేషన్ దాన్ని మళ్ళీ చదివేలా చేయాలి.